గెడ్డ దగ్గర ఆగిన బస్సు

పిల్లలూ! మీలో బస్సు ఎక్కనివారు ఉండరు. బస్సు ఆలస్యమైతే విసుక్కోనివారూ ఉండరు. వానాకాలంలో కొండల మధ్య ఉన్న చిన్న ఊరికి బస్సు ఎలా వెళుతుందో, దారిలో ఎందుకు ఆగుతుందో తెలిస్తే ఆ విసుగు కొంత తగ్గుతుంది. అందుచేత ఈ నెల మనం అటువంటి బస్సు ఒకటి ఎక్కుదాం. గొడుగు తెచ్చుకోండి. సంచిలో ఒక తువ్వాలు, కాసిని అటుకులు, చిన్న బెల్లం ముక్క కూడా పెట్టుకోండి. సాయంత్రానికల్లా తిరిగి వస్తామన్న నమ్మకం లేదు మరి!

మన బస్సు అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నంలో బయలుదేరుతుంది. అక్కడినుంచి తూర్పు కనుమలు ఎక్కి, లంబసింగి, చింతపల్లి, గూడెం కొత్తవీధి మీదుగా లోపలికి పోతుంది. ఈ కొండ ప్రాంతం 2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది. గూడెం కొత్తవీధి దాటాక పెద్ద రోడ్డు వదిలి పక్క దారిన పోతే మనం వెళ్ళే ఊరు వస్తుంది. అది ముప్పై ఇళ్ళ ఊరు. అటువంటి ఊళ్ళు ఆ కొండల్లో ఎన్నో ఉన్నాయి గనక, దానికి వేరే పేరు పెట్టకుండా "కొండ ఊరు" అనుకుందాం.

ఇది ఆగస్టు నెల. నైరుతి ఋతుపవనాలు జూన్‌లోనే వచ్చేశాయి. అయితే ఈ కొండల మీద గట్టి వాన తరచు ఎప్పుడు పడుతుందో తెలుసా? బంగాళాఖాతంలో అల్పపీడనమో వాయుగుండమో ఏర్పడినప్పుడు. సముద్రం మీది తేమగాలి కొండలకు తగిలి పైకి లేస్తుంది. పైకి పోయినకొద్దీ చల్లబడుతుంది. చల్లబడ్డ గాలి అంత తేమను మోయలేదు. అది మబ్బయి, వానయి దిగుతుంది. మైదానంలో జల్లు పడుతూంటే కొండ మీద కుండపోతగా ఉండటానికి కారణం ఇదే.

బస్సులో ఎవరెవరున్నారో చూశారా? కిటికీ పక్కన ఒక బడిపంతులుగారు కూర్చున్నారు. ఆయన ఒళ్ళో పిల్లల నోటుపుస్తకాల కట్ట, దానికి తడవకుండా చుట్టిన ప్లాస్టిక్ గుడ్డ ఉన్నాయి. వెనక సీటులో ఒక అవ్వ ఉప్పు, ఎండుచేపలు, కిరాయి కుట్టించిన రవికె మూటగట్టుకొని కూర్చున్నది. ఆశ్రమ పాఠశాలలో చదువుకుంటూ, సెలవకు ఇంటికి పోతున్న అక్కాతమ్ముళ్ళు ఇద్దరున్నారు. ఒక తాత ఆకులతో అల్లిన గిడుగు కాళ్ళ మధ్య పెట్టుకొని కునుకుతున్నాడు.

ఇటువంటి బస్సుల వెనక పెద్ద చరిత్రే ఉన్నది. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో ప్రజల ప్రయాణాలకు రవాణా శాఖను ఏర్పాటు చేసింది. అది పెరిగి పెరిగి 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది. పల్లెలకు తిరిగే బస్సుకు "పల్లెవెలుగు" అని పేరు పెట్టారు. పేరు బాగుంది, కాదూ?

అదుగో, ఘాటు మొదలయింది! ఇక్కడ డ్రైవరు గేరు మార్చిన చప్పుడు వినండి. ఇంజను గట్టిగా మూలుగుతున్నది, బస్సు మాత్రం నెమ్మదిగా పోతున్నది. తక్కువ గేరులో చక్రం తిరిగే వేగం తగ్గి, లాగే బలం పెరుగుతుంది. దిగేటప్పుడు కూడా ఇదే గేరు కావాలి. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్నది కొండదారి డ్రైవర్ల మాట. ఎందుకంటే, దిగేటప్పుడు ఊరికే బ్రేకు తొక్కుతూ ఉంటే అది కాలిపోయేటంత వేడెక్కి పట్టు తప్పుతుంది. తక్కువ గేరులో ఉంటే ఇంజనే బస్సును వెనక్కు పట్టి ఉంచుతుంది.

ఎదురుగా లారీ వస్తున్నది. అది ఆగి మనకు దారి ఇచ్చింది. ఇది మర్యాద మాత్రమే అనుకోకండి. ఇరుకైన కొండదారిలో దిగే బండి, ఎక్కే బండికి దారి ఇవ్వాలని నియమం ఉన్నది. ఎక్కుతున్న బండి ఒకసారి ఆగితే మళ్ళీ కదలటం కష్టం.

మీ చెవులు దిబ్బెళ్ళు పడ్డాయా? భయపడకండి. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్నది. అంత ఎత్తుకు వచ్చేసరికి గాలి ఒత్తిడి కింద ఉన్నదానిలో పదోవంతు దాకా తగ్గుతుంది. చెవి లోపల ఉన్న గాలి ఇంకా పాత ఒత్తిడిలోనే ఉంటుంది. గుటక వేయండి, లేదా ఆవలించండి. "టప్"మని చెవి విచ్చుకుంటుంది. చలి కూడా తెలుస్తున్నదా? వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీల వేడి తగ్గుతుంది. లంబసింగికి అక్కడివారు కొర్రబొయ్యలు అని కూడా అంటారు. కొర్ర అంటే కర్ర, బొయ్యలు అంటే బయలు. చలికాలపు రాత్రి ఆరుబయట పడుకుంటే కొయ్యబారి పోతారని ఆ పేరు!

మనం ఇంత సుఖంగా ఎక్కి వచ్చిన ఈ దారికి ఒక కథ ఉన్నది. నూరేళ్ళకు ముందు, తెల్లవాళ్ళ కాలంలో, నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయటానికి పూనుకున్నారు. గూడెంలో డిప్యూటీ తాసీల్దారుగా ఉన్న బాస్టియన్ అనే అధికారి గిరిజనులను పట్టి తెచ్చి రాళ్ళు కొట్టించాడు, మట్టి మోయించాడు, కూలి మాత్రం సరిగా ఇవ్వలేదు. ఎదురు చెప్పినవాళ్ళను బాధించాడు. కొండవాళ్ళు అల్లూరి సీతారామరాజు వెంట తిరగబడటానికి ఉన్న కారణాలలో ఇదొకటి. 1922 ఆగస్టు 22న వాళ్ళు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి ఆయుధాలు తీసుకుపోయారు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. అదీ ఇటువంటి వానాకాలమే! 1924 మే 7న రాజును కాల్చి చంపారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది. ఈ దారిని పోయేటప్పుడు, దీనికి మొదట రాళ్ళు మోసినవాళ్ళను ఒకసారి తలుచుకోవటం మన ధర్మం.

ఇప్పుడు కిటికీలోంచి రోడ్డుకు కొండ వైపు చూడండి. రోడ్డు వెంట ఒక చిన్న కాలువ కనిపిస్తున్నదా? గోనెపట్టా కప్పుకొని ఒక మనిషి పారతో అందులోంచి ఆకులు, మట్టి తీసి పారేస్తున్నాడు. ఆయన రోడ్డు గ్యాంగు కూలీ. ఆయన చేసే పని ఎంత గొప్పదో వినండి.

కొండ మీద పడ్డ నీరంతా కిందికి దిగవలసిందే. మధ్యలో రోడ్డు అడ్డం వచ్చింది. ఆ నీరు పక్క కాలువలోకి దిగి, కొంత దూరం పోయి, రోడ్డు కింద కట్టిన తూములోంచి అవతలికి పోవాలి. తూములో ఒక కొమ్మ ఇరుక్కున్నదనుకోండి. దానికి ఆకులు తగులుకుంటాయి, ఆకులకు మట్టి పట్టుకుంటుంది. దారి మూసుకుపోయిన నీరు రోడ్డు మీదికి ఎక్కుతుంది. తారు కింద ఉన్న మట్టిని కొంచెం కొంచెంగా కోసుకుపోతుంది. పైకి తారు నున్నగానే కనిపిస్తుంది, కింద బోలుగా ఉంటుంది. బరువైన బస్సు వచ్చినప్పుడు అది కాస్తా కూలుతుంది. ఒక కొమ్మ తీసి పారేస్తే ఆగిపోయే ప్రమాదం ఇది!

కొండచరియలు విరిగి పడటం ఇంకొక ఆపద. వానకు మట్టి నానితే బరువెక్కుతుంది, ఒకదానినొకటి పట్టుకొని ఉండే శక్తి తగ్గుతుంది. చెట్ల వేళ్ళు లేనిచోట, రోడ్డు కోసం కొండను నిటారుగా కోసినచోట అది జారుతుంది. 2024 సెప్టెంబరులో పడ్డ పెద్ద వానలకు గూడెం కొత్తవీధి మండలంలో అనేక చోట్ల చరియలు విరిగి, సీలేరు వెళ్ళే దారి మూసుకుపోయింది. చరియ పడబోయే ముందు కొన్ని గుర్తులు కనిపిస్తాయి. చిన్న చిన్న రాళ్ళు గలగలా రాలుతాయి. నిటారుగా ఉన్న చెట్లు ఒక పక్కకు ఒరుగుతాయి. కొండలోంచి ఊరే నీరు హఠాత్తుగా బురదగా మారుతుంది. అటువంటి చోట బస్సు నిలపకూడదు, మనం దిగి నిలబడకూడదు.

చింతపల్లిలో టీ తాగి మళ్ళీ బయలుదేరాం. దారికి రెండు వైపులా కాఫీ తోటలు. పైన సిల్వర్ ఓక్ చెట్ల నీడ, ఆ చెట్ల మొదళ్ళను పట్టుకొని ఎగబాకే మిరియపు తీగలు, కింద గుబురుగా కాఫీ మొక్కలు. అక్కడక్కడా వరి మడులు మెట్లు మెట్లుగా దిగుతున్నాయి. చోడి చేలు వానకు తలలు ఊపుతున్నాయి. చోడి అంటే ఏమిటో అనుకునేరు. మీరు రాగులు అనేది ఇక్కడ చోడి. గూడెం కొత్తవీధి దాటింది. బస్సు పక్క దారిన మళ్ళింది. ఇంక మన కొండ ఊరు ఎంతో దూరం లేదు.

ఇంతలో బస్సు ఆగింది.

ఎదురుగా గెడ్డ. కొన్ని ప్రాంతాల్లో వాగు అనేదానిని ఈ ప్రాంతంలో గెడ్డ అంటారు. నిన్నటిదాకా పాదాలు తడవని గెడ్డ ఇవాళ ఎర్రటి నీళ్ళతో పొంగి పొరలుతున్నది. దాని మీద వంతెన లేదు. చప్టా ఉన్నది. చప్టా అంటే గెడ్డ అడుగునే రాళ్ళు, సిమెంటు వేసి పరిచిన దారి. నీరు కొద్దిగా ఉన్నప్పుడు దాని మీదుగా పోవచ్చు. నీరు పెరిగితే చప్టా మునిగిపోతుంది. వంతెనకు అయ్యే ఖర్చులో చప్టాకు అయ్యేది చాలా తక్కువ. అందుకే చిన్న దారులకు చప్టాలే వేస్తారు.

"పోనిచ్చీ బాబూ! నీళ్ళు అట్టే లేవు. మోకాలు దాటవు," అన్నది వెనక సీటు అవ్వ.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. "గెడ్డ రెండు మూడు గంటల్లో దిగిపోద్ది అవ్వా. తొందరపడితే మీ అందరికీ నేనేం జవాబు చెప్పను?" అన్నాడు.

పంతులుగారు నిట్టూర్చారు. అక్కాతమ్ముళ్ళు దిగాలుగా చూశారు. అవతలి గట్టు మీది చెట్లు కనిపిస్తూనే ఉన్నాయి. అంత దగ్గర! ఆ డ్రైవరు మరీ పిరికివాడని మీకూ అనిపిస్తున్నదా? అయితే మనం కూర్చొని కొంచెం లెక్క వేద్దాం. ఎలాగూ ఖాళీయే.

మొదటి లెక్క. ఈ చిన్న గెడ్డకు ఇంత నీరు ఎక్కడిది? పైన ఉన్న కొండల్లో పది చదరపు కిలోమీటర్ల మేర పడ్డ వాన ఈ గెడ్డలోకే వస్తుందనుకోండి. అక్కడ ఐదు సెంటీమీటర్ల వాన పడితే మొత్తం నీరు యాభై కోట్ల లీటర్లు! మట్టి అప్పటికే నాని ఉంటే అందులో చాలా భాగం ఇంకదు. కొండవాలు నిటారుగా ఉంటుంది గనక ఆ నీరంతా ఒక్కుమ్మడిగా దిగుతుంది. గెడ్డ త్వరగా పొంగుతుంది. వాన ఆగితే అంత త్వరగానూ తగ్గుతుంది. గోదావరి వరద రోజుల తరబడి ఉంటుంది, కొండగెడ్డ వరద గంటల్లో పోతుంది. కాబట్టి ఇక్కడ కాచుకొని కూర్చోవటం వల్ల ఫలితం ఉన్నది.

రెండవ లెక్క. ఇంత పెద్ద బస్సును నీరు ఏం చేయగలదు? ఇంటి దగ్గర ఒక స్టీలు టిఫిను డబ్బాలో కొన్ని గులకరాళ్ళు వేసి, మూత గట్టిగా పెట్టి, ఖాళీ బకెట్టులో నిలబెట్టండి. బకెట్టులో మెల్లగా నీళ్ళు పోయండి. కొంతవరకు డబ్బా కదలదు. తరవాత వేలితో తోస్తే చాలు, జరుగుతుంది. ఇంకొంచెం పోస్తే తేలుతుంది. బస్సూ అంతే. అది పది మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు, జనంతో కలిపి పదిహేను టన్నుల బరువు అనుకోండి. నీరు బస్సు అడుగును తాకిన తరవాత పైకి లేచే ప్రతి పది సెంటీమీటర్లకు రెండున్నర టన్నుల బరువును నీరే మోస్తుంది. నలభై సెంటీమీటర్లు లేచిందా, పది టన్నులు నీటి మీదికి పోయినట్టే. చక్రాల మీద మిగిలేది ఐదు టన్నులే. అప్పుడు చక్రాలకు నేల మీద పట్టు ఏముంటుంది? తలుపు సందుల్లోంచి నీరు లోపలికి వస్తే బస్సు తేలటం కొంత తగ్గే మాట నిజమే. కాని బస్సులోకి నీరు వచ్చేదాకా ఆగి చూసేవారు ఎవరు?

తేలగొట్టటం ఒకటే కాదు, నీరు పక్కనుంచి తోస్తుంది కూడా. నీటి వేగం రెండింతలైతే తోపు నాలుగింతలవుతుంది. అందుకే నిలవ నీటిలో మొలలోతున నిలబడగలిగిన మనిషి, వడిగా పారే నీటిలో మోకాలి లోతున కూడా పడిపోతాడు. ముప్పై సెంటీమీటర్ల ప్రవాహం చిన్న కారును కొట్టుకుపోగలదు.

మూడవది లెక్కకు అందనిది. బురదనీటి కింద చప్టా ఉన్నదో లేదో ఎవరికి తెలుసు?

ఇప్పుడొక పని చేయండి. ఒక పుల్ల తెచ్చి నీటి అంచున గుచ్చండి. కొండ ఊళ్ళవాళ్ళు ఇలాగే చేస్తారు. కాసేపటికి పుల్ల మునిగితే గెడ్డ ఇంకా పెరుగుతున్నది. నీరు పుల్లను వదిలి వెనక్కు పోతే తగ్గుతున్నది. నీటి రంగు కూడా చూడాలి. ఎరుపు చిక్కబడి, ఎండుటాకులు, పుల్లలు, నురగ ఎక్కువగా కొట్టుకు వస్తూంటే పైన ఇంకా వాన పడుతున్నదన్నమాట. మీ నెత్తిన ఎండ కాస్తున్నా సరే, అటువంటప్పుడు గెడ్డలో దిగకూడదు.

అరె! అవతలి గట్టు మీద ఎవరో వచ్చారు. నలుగురు మగవాళ్ళు, వెనక ఒక ఆడమనిషి. ఇద్దరి భుజాల మీద పొడుగాటి కర్ర, దానికి దుప్పటి ఉయ్యాలలాగా కట్టి ఉన్నది. అది డోలీ. దానిలో ఒక గర్భిణి ఉన్నది. బస్సుదారి లేని ఊళ్ళలో నడవలేనివాళ్ళను ఇలాగే మోసుకు రావాలి. ఈ గెడ్డ దాటితే బస్సు, బస్సెక్కితే చింతపల్లి ఆస్పత్రి. కాని వాళ్ళకూ మనకూ మధ్య ఆ ఎర్రనీళ్ళు.

ఇప్పుడు బస్సులో ఎవరికీ ఆలస్యం గురించి మాట రాలేదు. అందరూ దిగి గట్టున నిలబడ్డారు. అందరి కళ్ళూ మీరు గుచ్చిన పుల్ల మీదనే. అవతలివాళ్ళు డోలీని చెట్టు కిందికి చేర్చి, తాటాకు గొడుగు అడ్డం పెట్టారు. వాన సన్నగిల్లింది. అరగంటకు నీరు పుల్లను వదిలింది. మీరు ఇంకొక పుల్ల గుచ్చారు. గంటకు దాన్నీ వదిలింది. ఆకులు కొట్టుకు రావటం తగ్గింది. రెండున్నర గంటలకు చప్టా రాళ్ళు ఒకటొకటిగా బయటపడ్డాయి.

డ్రైవరు, కండక్టరు చేతికర్రలతో లోతు చూసుకుంటూ నెమ్మదిగా చప్టా మీదికి నడిచారు. సగం దాటి ఆగిపోయారు. అక్కడ చప్టా అంచు తెగిపోయి, బస్సు చక్రం నిలువునా దిగేటంత గొయ్యి పడి ఉన్నది! ఇంతసేపూ ఆ గొయ్యి మీదుగానే ఎర్రనీరు చదునుగా పారింది. "మోకాలు దాటవు" అన్న అవ్వ ఆ గొయ్యి చూసి, ఏమీ అనకుండా డ్రైవరు వైపు చేతులు జోడించింది.

మనుషులు నడవటానికి మాత్రం పక్కన గట్టి చోటు ఉన్నది. నీరు చీలమండల దాకా తగ్గింది. డోలీవాళ్ళు మెల్లగా ఇవతలికి వచ్చారు. ఆమెను ముందు సీటులో పడుకోబెట్టి, పక్కన ఆ ఆడమనిషిని కూర్చోబెట్టారు. డ్రైవరు బస్సును వెనక్కు తిప్పాడు. కదిలిన వెంటనే రెండు మూడుసార్లు బ్రేకును మెల్లగా తొక్కి చూసుకున్నాడు. తడిసిన బ్రేకు సరిగా పట్టదు, అలా తొక్కితే ఆ వేడికి ఆరుతుంది. బస్సు చింతపల్లి వైపు వెళ్ళిపోయింది. పంతులుగారు, అవ్వ, అక్కాతమ్ముళ్ళు, తాత చప్టా దాటి మిగిలిన దారి కాలినడకన పోయారు. పంతులుగారి నోటుపుస్తకాల కట్ట తమ్ముడి నెత్తిన ఉన్నది. మనమూ వాళ్ళ వెంటే.

ఈ ప్రయాణం మనం ఊహించుకున్నది. కాని అటువంటి గెడ్డలూ, డోలీలూ ఊహ కాదు. అయితే అక్కడ వంతెన ఎందుకు లేదని మీరు అడగాలి. అడిగితే జవాబు ఇది. 2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన అనే పథకం మొదలయింది. మైదానాల్లో 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది జనం ఉన్న ఊళ్ళకు ఏ కాలంలోనైనా నడిచే రోడ్డు వేయాలని దాని నియమం. దానివల్ల ఎన్నో ఊళ్ళకు దారి వచ్చింది. కాని ముప్పై ఇళ్ళ ఊరిలో 250 మంది ఎక్కడ ఉంటారు? 2023 నవంబరు 15న మొదలైన జన్‌మన్ పథకంలో ఈ సంఖ్యను నూరుకు తగ్గించారు. అయితే అది చెంచులు, కొండరెడ్లు వంటి మిక్కిలి వెనుకబడిన తెగలు ఉండే ఊళ్ళకే వర్తిస్తుంది.

రోడ్డు వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. మన్యంలో కొన్నిచోట్ల, కాన్పుకు ముందే గర్భిణులు వచ్చి ఉండటానికి ఆస్పత్రులకు దగ్గరగా వసతి గృహాలు పెట్టారు. వాన రాకముందే, గెడ్డ పొంగకముందే వాళ్ళు ఇవతలికి వచ్చేస్తే డోలీ అవసరమే ఉండదు. పెద్ద బండి పోలేని దారుల్లో రోగులను తెచ్చేందుకు మోటారు సైకిలుకు తగిలించిన చిన్న అంబులెన్సులు కూడా తిరిగాయి. వర్షానికి ముందు తూములు శుభ్రం చేయటం, చప్టా పక్కన లోతు తెలిపే గుర్తుల స్తంభం పాతటం పెద్ద ఖర్చులేని పనులు.

మీ ఊరికి పోయే దారిలో వాగు మీద ఉన్నది వంతెనా, చప్టానా? దాని పక్కన లోతు తెలిపే స్తంభం ఉన్నదా? మీ వీధి చివర తూము తెరిచి ఉన్నదా, మూసుకుపోయిందా? ఈ వానాకాలంలో మీ నాన్నగారితోనో అమ్మగారితోనో వెళ్ళి చూసి రండి. గట్టున నిలబడే చూడండి సుమా, నీళ్ళలో దిగకండి! మూసుకుపోయిన తూము కనిపిస్తే పంచాయతీ వారికి ఒక కార్డుముక్క రాయండి. మీ పేరు, తరగతి కింద రాయటం మరిచిపోకండి.